జ్వరం లేని రోజు కూడా డాక్టర్ దగ్గరకి వెళ్లండి: పుట్టిన దగ్గర్నుంచి పదహారేళ్ల దాకా

సూర్యారావుపేటలో ఏ పిల్లల డాక్టర్ దగ్గరైనా సాయంత్రం ఆరు తర్వాత ఓ గంట కూర్చుని చూడండి. ముప్పై టోకెన్లు, ఏ తల్లి ఒళ్లో చూసినా కాలిపోతున్న పిల్ల, లోపలికెళ్తే మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ జ్వరానికే సరిపోతాయి. వయసుకి తగ్గ బరువుందా, మాటలు సరిగ్గా వస్తున్నాయా, కళ్లు బాగా కనబడుతున్నాయా అని అడిగే ఓపిక మనకీ ఉండదు, చెప్పే తీరిక ఆయనకీ ఉండదు. టీకాలు అయిపోతే ఇంక జ్వరమొస్తేనే డాక్టర్ మొహం చూడటం, మన బెజవాడలో చాలా ఇళ్లల్లో జరిగేది ఇదే. పెద్దాడి విషయంలో నేనూ అంతే. చిన్నదాని విషయంలో బుద్ధొచ్చింది, ఎలాగో కింద చెప్తాను.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. మా పెద్దమ్మ ముప్పై ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైంది, ఇక్కడ రాసిన దాంట్లో సగం ఆవిడ పెట్టిన చివాట్లే.

ముందు ఒక ఫైలు

చెకప్ అనగానే పది రూపాయల ఫైలు ఒకటి కొనండి. అందులో ముందు పేజీ తల్లీబిడ్డల కార్డు, అదే ఎంసీపీ కార్డు. దాన్ని టీకాల కార్డు అనుకుని వదిలేస్తాం గానీ లోపల బరువు గీసే చార్టు ఉంటుంది, ఏ నెలకి ఏం చేయాలో బొమ్మలుంటాయి, చదివేవాళ్లే ఉండరు. ల్యామినేషన్ మాత్రం చేయించకండి, తర్వాత డోసు రాయడానికి చోటుండదు. ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా ఆడపడుచు వాళ్ల బీరువా కింది అరలో కార్డు తడిసి ముద్దైంది, మళ్లీ ఏ డోసు వేశారో ఏది వేయలేదో తేల్చుకోవడానికి నెల పట్టింది.

వెళ్లే ముందు రోజు రాత్రి మూడంటే మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి. లోపలికెళ్లాక ఏదీ గుర్తుండదు. రోజూ రద్దీ తక్కువుండే టైమ్ ఏదో కాంపౌండర్‌ని అడిగితే చెప్తాడు, చెకప్‌కి ఆ టైమ్‌లోనే వెళ్లండి, ఆరోగ్యంగా ఉన్న పిల్లని జ్వరాల మధ్య కూర్చోబెట్టడం ఎందుకు.

మొదటి నెలన్నర

పుట్టగానే క్షయ రాకుండా బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు కాలేయ జబ్బు రాకుండా హెపటైటిస్ బి. ఇవి ఆసుపత్రిలోనే వేసేస్తారు, వేశారో లేదో డిశ్చార్జి కాగితంలో చూసుకోండి. బీసీజీ వేసిన చోట కొన్ని వారాలకి చిన్న పొక్కు లేచి చీము పట్టినట్టు అవుతుంది. దాని మీద పసుపు, ఆయింట్‌మెంట్ ఏదీ రాయక్కర్లేదు, అదే మానుతుంది.

మొదటి కొన్ని రోజుల్లో బిడ్డ బరువు కాస్త తగ్గుతుంది, పుట్టిన బరువులో పది శాతం లోపు అయితే కంగారు అక్కర్లేదు, రెండు వారాలకల్లా మళ్లీ పుట్టిన బరువుకి రావాలి. తర్వాత మొదటి మూడు నెలలు రోజుకి 25 నుంచి 30 గ్రాములు పెరగాలి. పాలు చాలుతున్నాయా లేదా అన్నది ఏడుపుని బట్టి కాదు, ఒంటేలుని బట్టి చూడాలి. వారం దాటిన బిడ్డ రోజుకి కనీసం ఆరుసార్లు పోస్తుంటే పాలు చాలుతున్నట్టే. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎన్ని డబ్బా పాలు మిగులుతాయో.

ఆశా కార్యకర్త మొదటి 42 రోజుల్లో ఇంటికి చాలాసార్లు రావాలి: 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. రాకపోతే మీరే ఫోన్ చేసి పిలవండి, అది వాళ్ల డ్యూటీ, మొహమాటపడక్కర్లేదు. పసిరికలు మొదటి 24 గంటల్లోనే కనిపించినా, అరచేతులు అరికాళ్ల దాకా పాకినా ఎండలో పడుకోబెట్టి కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్లాల్సిందే. రెండు నెలల్లోపు బిడ్డకి 100.4 డిగ్రీలు దాటితే ఇంట్లో మందు వేయడం అన్న ఆలోచనే వద్దు. రోహిణి కార్తెలో బెజవాడలో మూడు గుడ్డలు చుట్టి పడుకోబెడితే ఏ బిడ్డకైనా ఒళ్లు వెచ్చగానే ఉంటుంది, గుడ్డలు తీసి కాసేపాగి మళ్లీ చూడండి, అప్పటికీ తగ్గకపోతే బయల్దేరండి.

స్నానం అయ్యాక సాంబ్రాణి పొగ గురించి మా అత్తగారితో పెద్ద యుద్ధమే జరిగింది. తలుపులేసిన గదిలో ఆ పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకి మంచిది కాదు. చివరికి ఆవిడ దేవుడి గదిలో వేసుకోవడానికి ఒప్పుకున్నారు. బొడ్డులో ఆముదం, కంట్లో కాటుక, చెవిలో నూనె, ఇవీ వద్దు. నూనె రాసి నలిచి స్నానం చేయించడం మాత్రం హాయిగా చేసుకోవచ్చు.

పుట్టిన నెలలోపు చెవి పరీక్ష చేయించమని అడగండి, చిన్న యంత్రంతో నిద్రలో ఉండగానే అయిపోతుంది. వినికిడి లోపం మూడు నెలలకి తేలి ఆరు నెలలకి వైద్యం మొదలైతే మాటలు వచ్చే అవకాశం చాలా మెరుగు, రెండేళ్లకి తేలితే ఆ మధ్యకాలం పోయినట్టే.

ఆరు, పది, పద్నాలుగు వారాలు

ఈ మూడుసార్లూ ఐదు జబ్బులకి ఒకే టీకా అయిన పెంటావాలెంట్, పోలియో చుక్కలు, విరేచనాల వైరస్‌కి రోటా చుక్కలు ఉంటాయి. ఆరు, పద్నాలుగు వారాలప్పుడు వీటితోపాటు పోలియో ఇంజెక్షన్, న్యుమోనియాకి పీసీవీ కూడా. అర్బన్ హెల్త్ సెంటర్‌లో ఇవన్నీ ఉచితం, ప్రైవేటులో వేసే టీకా ఏదో గొప్పదని అనుకోకండి. కొంచెం జలుబుందని వాయిదా వేయకండి. వేశాక అరగంట అక్కడే కూర్చోండి. ఒక డోసు ఆలస్యమైతే మళ్లీ మొదట్నుంచి వేయించాల్సిన పనిలేదు, ఆగిన చోటు నుంచే.

ఆరు నెలల నుంచి ఏడాది, ఇక్కడే నేను దెబ్బతిన్నాను

180 రోజులు తల్లిపాలు, నీళ్లు కూడా వద్దు, మే నెల అయినా సరే. తర్వాత అన్నప్రాశన అయ్యాక చాలామంది చేసే తప్పే మా ఇంట్లోనూ జరిగింది. చిన్నది 2.8 కిలోలతో పుట్టి ఏడో నెలకి 7.1కి వచ్చింది, చక్కగా బొద్దుగా ఉంది కదా అని ఎనిమిదో నెల తూకం వేయించలేదు. తొమ్మిదో నెల ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాకి తీసుకెళ్తే అదే 7.1. టీకాలు వేసే నర్సు, అదే ఏఎన్ఎం, కార్డులో గీత గీసి చూపించింది, పైకి పోవాల్సిన గీత బల్లలా పడుకుని ఉంది. పిల్లకి జ్వరం లేదు, ఆడుకుంటోంది, నవ్వుతోంది. ఆ టీకా లేకపోతే నేను ఏడాది నిండేదాకా వెళ్లేదాన్నే కాదు.

కారణం ఏంటంటే గొంతులో పడుతుందేమోనన్న భయంతో అన్నాన్ని చారు నీళ్లలో పల్చగా జారేలా పిసికి పెట్టడం. కడుపు నిండుతుంది, శక్తి ఉండదు. పెద్దమ్మ వచ్చి స్పూన్ వంచి చూపించింది: జారిపోకూడదు, స్పూన్‌కి అంటుకుని ఉండాలి. ముద్దపప్పు, నెయ్యి, మెత్తగా ఉడికించిన గుడ్డు, ఆకుకూర, అరటిపండు, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం. పదకొండో నెలకి 8 కిలోలకి వచ్చింది. ఏడాది లోపు తేనె, ఆవుపాలు వద్దు, ఉప్పు, చక్కెర కలపక్కర్లేదు.

మోటుగా ఒక లెక్క గుర్తుపెట్టుకోండి, ఐదో నెలకి పుట్టిన బరువుకి రెట్టింపు, ఏడాదికి మూడింతలు. అయితే ఒక్కసారి తూకం చూసి ఏమీ తెలియదు, నెల నెలా గీత ఎటు పోతోందన్నదే ముఖ్యం. ఒకే తూకం మీద, డైపర్ తీసేసి చూడాలి. రెండేళ్ల దాకా పొడుగు పడుకోబెట్టి కొలవాలి. తల చుట్టుకొలత కొలవకపోతే అడగండి, చాలాచోట్ల దాన్ని మర్చిపోతుంటారు.

తొమ్మిదో నెలలో విటమిన్ ఎ మొదటి డోసు కూడా, తర్వాత ఆరేసి నెలలకి ఒకటి చొప్పున ఐదేళ్ల దాకా. ఆరో నెల నుంచి వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటర్ ఐరన్ సిరప్ ప్రభుత్వం ఇస్తుంది, ఆశాని అడిగి తీసుకోండి. మలం నల్లగా వస్తుంది, భయపడి ఆపేయకండి.

ఏడాదిన్నర, రెండేళ్లు

16 నుంచి 24 నెలల మధ్య ఎంఆర్ రెండో డోసు, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం) బూస్టర్, పోలియో చుక్కలు. చాలామంది మర్చిపోయేవి ఇవే, ఎందుకంటే మధ్యలో పెద్ద గ్యాప్ వస్తుంది.

ఈ వయసులో అసలు అడగాల్సింది మాటల గురించి. ఏడాదిన్నరకి నడక రాకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, వేలితో చూపించకపోయినా, రెండేళ్లకి "అమ్మ రా", "పాలు కావాలి" లాంటి రెండు మాటల జత రాకపోయినా ఆగకండి. "మగపిల్లాడు కదా, వాళ్ల నాన్నకి కూడా నాలుగేళ్లకి గానీ మాటలు రాలేదు" అనే మాట ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, వసకొమ్ము అరగదీసి నాకిస్తారు. ముందు చెవి పరీక్ష చేయించండి, తర్వాత ఎదుగుదల పరీక్ష. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, ఆర్‌బీఎస్‌కే అంటారు, 2013లో మొదలైంది, పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకి పరీక్షలు ఉచితం.

మొదటి పన్ను రాగానే పళ్ల సంగతి కూడా అడగండి, ఏడాదిలోపే ఒకసారి చూపిస్తే మంచిది. పేస్టు బియ్యపు గింజంత, మూడేళ్లు దాటాక బఠాణీ గింజంత. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చడం మానేయండి.

మూడేళ్ల నుంచి స్కూలు

మూడేళ్లకి కంటి డాక్టర్ దగ్గరకి ఒకసారి. ఒక కన్ను సరిగా కనబడకపోతే పిల్లకి తెలియదు, మనకీ తెలియదు, రెండో కన్నుతో బతికేస్తుంది, ఏళ్లు గడిస్తే ఆ కన్ను బద్ధకించిపోతుంది. మూడేళ్ల నుంచి ఏడాదికోసారి బీపీ కూడా చూడాలి, చిన్న పట్టీ ఉందా అని అడగండి, పెద్దవాళ్ల పట్టీతో చూస్తే లెక్క తప్పుతుంది. 5 నుంచి 6 ఏళ్ల మధ్య డీపీటీ రెండో బూస్టర్, 10, 16 ఏళ్లకి టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి). ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో నులిపురుగుల మాత్ర ఇస్తారు, స్కూలుకి రాలేదని వదిలేయకండి. ఆడపిల్లలకి 9 నుంచి 14 ఏళ్ల మధ్య గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా గురించి డాక్టర్‌తో మాట్లాడండి. టీనేజీలో హిమోగ్లోబిన్ ఒకసారి చూపించండి, ఎప్పుడూ నీరసం, చదువు మీద ధ్యాస లేదు అని తిట్టే ముందు.

గుంటూరులో మిర్చి యార్డు చుట్టుపక్కల ఉండేవాళ్లు దగ్గు, పిల్లికూతల గురించి ప్రతి చెకప్‌లోనూ చెప్పండి. "అలవాటైపోయింది" అని మనం దాటేసే దగ్గు ఒక్కోసారి ఆస్తమా అవుతుంది.

ఒంట్లో బాగోనప్పుడు ఇంట్లో

పారాసెటమాల్ వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. కిలోకి 15 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు గంటల తేడాతో. పది కిలోల పిల్లకి 150 మిల్లీగ్రాములు. ఇప్పుడు జాగ్రత్తగా చూడండి: చుక్కల మందులో సాధారణంగా ఒక మిల్లీలీటర్‌లోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది, సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకి 125, ఇంకో రకంలో 250. అంటే అదే పిల్లకి చుక్కల మందైతే ఒకటిన్నర మిల్లీలీటర్లు, 125 సిరప్ అయితే ఆరు, 250 సిరప్ అయితే మూడు మిల్లీలీటర్లు. నేను ఒక రాత్రి నిద్రమత్తులో చుక్కల సీసాలోంచి సిరప్ కొలత పోసేశాను, నోట్లో పెట్టబోతుంటే పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. అప్పట్నుంచి సీసా మీద మార్కర్‌తో పెద్ద అక్షరాలతో రాసి పెడుతున్నా. ఐస్ నీళ్లతో తుడవకండి, గోరువెచ్చనివి చాలు.

దగ్గు మందు సొంతంగా కొనకండి. 2025లో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్లలోపు వాళ్లకి అసలు ఇవ్వొద్దని, ఐదేళ్లలోపు మామూలుగా అవసరం లేదని కేంద్రం చెప్పింది.

విరేచనాలకి ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్. లీటరు ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే, గ్లాసుకి కాస్త కాస్త చల్లుకోవడం కాదు, కలిపింది 24 గంటల్లో పారబోయాలి. అట్టపెట్టెల్లో తియ్యగా అమ్మేవి వేరు. వాటి మీద ఓఆర్ఎస్ అన్న పేరు తీయించడానికి హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబర్‌లో గానీ ఆదేశాలు రాలేదు. ఓఆర్ఎస్‌తో పాటు జింక్ 14 రోజులు, విరేచనాలు ఆగినా సరే.

ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. పిల్ల ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి పొట్ట చూస్తూ పూర్తి నిమిషం. రెండు నెలల్లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, ఆ లెక్కకి చేరినా దాటినా ఎగశ్వాసే, ఆ రోజే చూపించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, తాగిందంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడి లేపినా లేవకపోయినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేసేటప్పుడు వీధి పేరుతో పాటు పక్కనున్న గుడో, పెట్రోల్ బంకో చెప్పండి, ఒకర్ని సందు చివర నిలబెట్టండి, ఫైలు చంకలో పెట్టుకుని బయల్దేరండి.