విజయవాడలో ప్రైవేటు ఉద్యోగంలో చేరేముందు జీతం లెక్క సరిచూసుకోవడం ఎలా?

ఇంటర్వ్యూ ముగిశాక మేనేజరు గారు "నెలకు ఇరవై వేలు" అనగానే తల ఊపి బయటికి వచ్చేయడం మనలో చాలామందికి అలవాటు. ఆ అంకె సీటీసీయా (మన మీద సంస్థ పెట్టే మొత్తం ఖర్చు), గ్రాసా (కోతలకు ముందు జీతం), చేతికి వచ్చేదా అన్నది అక్కడే అడిగి, నియామక పత్రంలో విడివిడిగా రాయించుకోవాలి.

బేసిక్ (మూల వేతనం) 14,000, ఇంటి అద్దె భత్యం 4,000 కలిపి గ్రాస్ 18,000 అనుకుందాం. దీనికి యాజమాన్యం తన వంతుగా కట్టవలసిన పీఎఫ్ (భవిష్య నిధి) 1,680, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) 585 కలిపితే సీటీసీ 20,265 అవుతుంది. నోటిమాటగా చెప్పిన ఇరవై వేలు ఇదే. గ్రాస్‌లోంచి మన వంతు పీఎఫ్ బేసిక్‌పై 12 శాతం చొప్పున 1,680, ఈఎస్‌ఐ గ్రాస్‌పై 0.75 శాతం చొప్పున 135, వృత్తి పన్ను 150 పోగా బ్యాంకులో పడేది 16,035. ఇది మోసం కాదు గానీ ముందు చెప్పకపోవడం మర్యాద కాదు. యాజమాన్యం వంతును కూడా గ్రాస్‌లోంచే కోస్తే మాత్రం చట్టవిరుద్ధం.

కోసిన పీఎఫ్ సొమ్ము జమ అవుతున్నదో లేదో రెండో నెల నుంచే యూఏఎన్‌తో (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే శాశ్వత నంబరు) ఆన్‌లైన్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూసుకోవాలి. బెంజి సర్కిల్ దగ్గర నేను పనిచేసిన ఒక సంస్థలో పే స్లిప్పులో ప్రతి నెలా కోత కనబడేది, పాస్‌బుక్‌లో ఏడు నెలలపాటు పైసా పడలేదు. అకౌంట్స్ వారిని అడిగినప్పుడల్లా "సర్వర్ సమస్యండీ" అనేవారు. నోటితో అడగడం మానేసి, స్లిప్పులూ పాస్‌బుక్ పేజీలూ జతచేసి ఈమెయిల్ పంపిన మూడు వారాలకు మొత్తం జమ అయింది.

గ్రాస్ 21,000 దాటనివారు ఈఎస్‌ఐ నంబరు మొదటి వారంలోనే తీసుకోవాలి. జ్వరంతో గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రి వరుసలో నిలబడి ఆఫీసుకు ఫోన్లు చేసే అవస్థ తప్పుతుంది.

ఆఫీసు వాతావరణం తెలియాలంటే సాయంత్రం ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర ఆగండి. మేనేజరు ఎలాంటివారని అడిగితే ఎవరైనా మంచివారనే అంటారు, కాబట్టి కిందటి నెల జీతం ఏ తేదీన పడిందో, సెలవు చీటీ ఎన్ని రోజులకు తిరిగివచ్చిందో అడగండి. చట్టం ప్రకారం జీతం 7వ తేదీలోగా పడాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి. అవి వారి బీరువాలోకి వెళ్ళాక రాజీనామా మన చేతిలో ఉండదు.

మానేసేటప్పుడు రిలీవింగ్ లెటరు తీసుకోండి. పీఎఫ్ ఖాతాలో మానేసిన తేదీని యాజమాన్యం నమోదు చేయకపోతే, చివరి చందా పడిన నెల తరువాత రెండు నెలలు ఆగి పీఎఫ్ పోర్టల్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు.