రాత్రి ఎంఎంటీఎస్, మెట్రో ఎక్కేవాళ్లకు టాయిలెట్ చిట్కా

హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో గానీ మెట్రో రైల్లో గానీ టాయిలెట్ ఉండదు. కాబట్టి ఎక్కేముందే పని కానిచ్చుకోవాలి.

ఎంఎంటీఎస్ అయితే సికింద్రాబాద్, కాచిగూడ, నాంపల్లిని నమ్ముకోండి. దూరప్రాంతాల రైళ్లు ఆగే చోట్లు కాబట్టి రాత్రంతా మనుషులుంటారు. నెక్లెస్ రోడ్ లాంటి చిన్న స్టేషన్లలో టాయిలెట్ ఉన్నా రాత్రి తాళం వేసుండొచ్చు, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

మెట్రోలో టాయిలెట్ ప్లాట్‌ఫామ్ మీద వెతక్కండి, టికెట్ గేట్లుండే కింది అంతస్తులో చూడండి. కార్డు పెట్టి గేటు దాటేముందే అక్కడున్న సిబ్బందిని అడగండి, టాయిలెట్ గేటుకు లోపలుందో బయటుందో చెబుతారు. బయటికొచ్చేశాక లోపలుందని తెలిస్తే మళ్లీ టికెట్టే. ఇక చివరి రైలు వెళ్లాక స్టేషన్ మూసేస్తారు, దిగాక చూద్దాంలే అనుకుంటే కుదరదు.

అలా ఇరుక్కుంటే బస్టాండే దిక్కు. ఎంజీబీఎస్, జేబీఎస్ రెండూ మెట్రో స్టేషన్లను ఆనుకునే ఉన్నాయి, రాత్రంతా బస్సులు తిరుగుతాయి. అక్కడ టాయిలెట్‌కు డబ్బులడిగితే ఫోన్‌పే పనిచేయకపోవచ్చు. ఐదు, పది రూపాయల నాణేలు జేబులో ఉంచుకోండి. బస్టాండ్ దూరమైతే తెరిచున్న పెట్రోల్ బంకు చూసుకోండి. పెట్రోల్ కొట్టించకపోయినా మొహమాటపడకుండా టాయిలెట్ తాళంచెవి అడగండి.