గిట్ బిల్డ్‌కి వరస నంబరు ఇవ్వడం ఎలా

సబ్‌వర్షన్, గిట్, మెర్క్యురియల్ మూడూ కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనాలు. సబ్‌వర్షన్‌లో సర్వర్ ఒక్కటే, నంబర్లు ఇచ్చేదీ అదే. కాబట్టి 1520వ రివిజన్ అంటే అందరికీ ఒకటే. గిట్‌లో ఎవరి క్లోన్‌లో (చరిత్రతో సహా తీసుకున్న సొంత కాపీలో) వాళ్లు కమిట్ చేస్తారు (మార్పును నమోదు చేస్తారు), ఎవరికీ ఎవరి లెక్కా తెలియదు. అందుకే అక్కడ గుర్తింపు హ్యాష్‌తో (కమిట్‌లోని విషయం నుంచి లెక్కకట్టిన కోడ్‌తో), మామూలుగా 40 అక్షరాలు. మెర్క్యురియల్ 0 నుంచి నంబర్లు వేస్తుంది గానీ అవి ఆ క్లోన్ వరకే. మీ 812 పక్కవాళ్ల దగ్గర 809 కావచ్చు. దాన్ని బగ్ రిపోర్టులో ఎప్పుడూ రాయకండి.

అయినా ఇది ఏ బిల్డో (కోడ్ నుంచి తయారైన యాప్) టెస్టర్‌కి ఫోన్లో చెప్పడానికో, ఆండ్రాయిడ్ యాప్‌లో ప్రతి అప్‌డేట్‌కీ పెంచాల్సిన వర్షన్ కోడ్‌కో పెరుగుతూ పోయే అంకె కావాలి. ముందు ఒక కట్టుబాటు పెట్టుకోండి: నంబరు సర్వర్‌లోని మెయిన్ బ్రాంచికి (అందరి మార్పులూ చేరే ప్రధాన శాఖకి) మాత్రమే. గిట్ ఫెచ్ చేశాక (సర్వర్‌లోని కొత్త కమిట్లు తెచ్చుకున్నాక) ఈ కమాండ్ ఇవ్వండి (టెర్మినల్‌లో అంతా ఇంగ్లిష్ చిన్న అక్షరాలే):

గిట్ రెవ్-లిస్ట్ --కౌంట్ --ఫస్ట్-పేరెంట్ ఆరిజిన్/మెయిన్

రెండు దారులను కలిపే మెర్జ్ కమిట్‌కి రెండు పేరెంట్లు (ముందటి కమిట్లు) ఉంటాయి, ఫస్ట్-పేరెంట్ అంటే మొదటి దారినే లెక్కపెట్టడం. అది లేకపోతే 30 కమిట్లున్న ఫీచర్ బ్రాంచిని మెర్జ్ చేసినప్పుడు లెక్క ఒకేసారి 31 పెరుగుతుంది. ఉంటే ఒక్కటే పెరుగుతుంది.

బిల్డ్ నంబరు ఎప్పుడూ 1 వస్తోందంటే అది షాలో క్లోన్, అంటే పాత చరిత్ర లేని కాపీ. గిట్‌హబ్ యాక్షన్స్‌లో (గిట్‌హబ్‌లో బిల్డ్‌లు వాటంతటవే నడిపే సేవలో) చెకౌట్ అనే అంచె మామూలుగా చివరి కమిట్ ఒక్కటే తెస్తుంది. ఫెచ్-డెప్త్‌ని 0 చేయండి. మిగతా చోట్ల గిట్ ఫెచ్ --అన్‌షాలో చాలు. బిల్డ్ స్క్రిప్ట్ మొదట్లోనే గిట్ రెవ్-పార్స్ --ఈజ్-షాలో-రిపాజిటరీ నడిపి, ట్రూ వస్తే బిల్డ్ ఆపేయడం ఇంకా మంచిది.

రెండో చిక్కు కనిపెట్టడం కష్టం. సర్వర్‌లో మెయిన్ 1520 దగ్గరుంది. ఒకరు 1517 మీద తమ లోకల్ మెయిన్‌లో ఒక కమిట్ చేసి, గిట్ పుల్‌తో సర్వర్ మార్పులు తెచ్చి మెర్జ్ చేసి, పుష్ చేశారు (సర్వర్‌కి పంపారు). ఆ మెర్జ్‌కి మొదటి పేరెంట్ వాళ్ల సొంత కమిట్, సర్వర్ దారి రెండోదైపోయింది. ఇప్పుడు లెక్క 1517కి ఆ కమిట్, మెర్జ్ కలిపి 1519! నంబరు వెనక్కి నడిచింది. గూగుల్ ప్లే అలాంటి బిల్డ్‌ని తీసుకోదు, ఒకసారి వాడిన వర్షన్ కోడ్ మళ్లీ పనికిరాదు. మెయిన్‌కి నేరుగా పుష్, ఫోర్స్ పుష్ (సర్వర్ చరిత్రను తిరగరాసే పుష్) రెండూ సర్వర్‌లోనే మూసేయండి, మార్పులన్నీ పుల్ రిక్వెస్ట్ (సర్వర్‌లో చూసి కలపమనే అభ్యర్థన) మీదుగానే రానివ్వండి.

నంబరు నుంచి కమిట్ వెతకాలంటే పై కమాండ్‌లో కౌంట్ తీసేసి --రివర్స్ పెట్టండి, 1520వ లైనులో ఉన్నదే ఆ హ్యాష్. కానీ చరిత్ర తిరగరాస్తే ఈ వెతుకులాట తప్పుతుంది కాబట్టి యాప్‌లో నంబరు పక్కన హ్యాష్‌లో మొదటి 10 అక్షరాలు కూడా చూపించండి.

రిలీజ్ ట్యాగులు (విడుదలైన కమిట్‌కి పెట్టే పేర్లు) క్రమంగా పెట్టే జట్టుకి గిట్ డిస్క్రైబ్ --ట్యాగ్స్ --లాంగ్ సరిపోతుంది. ట్యాగ్, దాని తర్వాతి కమిట్ల సంఖ్య, పొట్టి హ్యాష్ మూడూ ఇస్తుంది. కొత్త ట్యాగ్‌తో సంఖ్య 0కి వస్తుంది, అందుకని వర్షన్ కోడ్‌కి వాడకూడదు. పెద్ద ప్రాజెక్టుకైతే క్రోమియం (క్రోమ్ బ్రౌజర్‌కి ఆధారమైన ప్రాజెక్టు) పద్ధతి గట్టిది: 2014లో సబ్‌వర్షన్ నుంచి గిట్‌కి మారినా, అక్కడ మెయిన్‌లో చేరే ప్రతి కమిట్ మెసేజ్ చివర దాని వరస నంబరు రాసి ఉంటుంది, మళ్లీ లెక్కపెట్టే పని లేదు.