లక్సర్ వెళ్తే దేర్ ఎల్ మదీనా వదలకండి

ఈజిప్టులోని లక్సర్‌లో నైలు నది పశ్చిమ తీరానికి వెళ్లేవాళ్లు చాలామంది ఫారోల సమాధులున్న రాజుల లోయ చూసి వెనక్కి వచ్చేస్తారు. ఆ సమాధులను చెక్కి, రంగులద్దిన పనివాళ్ల ఊరు దేర్ ఎల్ మదీనా కూడా ఆ పక్కనే ఉంది. దానికి కనీసం గంటన్నర ఉంచుకోండి. టికెట్ ఊరి దగ్గర దొరక్కపోవచ్చు, మెమ్నోన్ విగ్రహాలు దాటాక వచ్చే టికెట్ ఆఫీసులోనే తీసుకోండి.

ముందు పక్కనున్న గుట్ట వాలు కొంచెం ఎక్కి కిందకి చూడండి. సన్నటి వీధి, దానికి అటూ ఇటూ ఒకదానికొకటి ఆనుకున్న చిన్న చిన్న ఇళ్లు, ఊరి పటమంతా ఒక్క చూపులో అర్థమవుతుంది. ఫారో మూడో రామ్సెస్ కాలంలో తిండిగింజలు సమయానికి అందక పని ఆపేసి బయటికి నడిచింది ఈ ఇళ్లవాళ్లే. ఆ సమ్మె గురించి రాసిన పపైరస్ (ఆనాటి రెల్లు కాగితం) ఇప్పుడు ఇటలీలోని టురిన్‌లో ఉంది.

తర్వాత ఈ ఊరి పనివాళ్లలో ఒకడైన సెన్నెద్జెమ్ సమాధిలోకి దిగండి. మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులుంటే ఆలోచించుకోండి. లోపల అతనూ భార్యా పరలోకంలో పొలం దున్ని పంట కోస్తున్న బొమ్మ ఉంది. మూడు వేల ఏళ్లు దాటినా ఆ పసుపు రంగు ఇంకా మెరుస్తూనే ఉంది.