కడప వెనక్కి తిరిగితే పడక

కడపలో ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక మెడికల్ షాపులో పనిచేస్తాను. పొద్దున తొమ్మిదికి షట్టర్ ఎత్తితే పదకొండు దాకా తల ఎత్తే తీరిక ఉండదు. ఆ తర్వాత ఒక అరగంట జనం పలచబడతారు. ఆ అరగంట గళ్ళ నుడికట్టుది. ఇరవై ఏళ్ళ పైమాటే, పేపరు వచ్చిన ఏ రోజూ దాన్ని వదల్లేదు. మాత్రల కోసం వచ్చి, కౌంటరు మీద వాలి చూసేవాళ్ళు అడుగుతుంటారు: "అన్నా, ఇన్ని మాటలు నీకెట్ల తెలుసు?" షాపులో నిలబడి చెప్పేంత టైము ఉండదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

మామూలు గళ్ళలో "తామర (3)" అని అడుగుతారు, కమలం అని రాస్తే అయిపోతుంది. నేను చెప్పబోయేది మాటలతో ఆట ఆడే గళ్ళ గురించి. వాటిలో ఆధారం ఒక చిన్న వాక్యంలా, ఏదో కథ చెబుతున్నట్టు ఉంటుంది. ఆ కథను నమ్మారంటే దారి తప్పినట్టే. ఒకటి చూడండి:

గజిబిజి వలన పుట్టిన పుస్తకం (3)

చదవగానే మనసు ఎటు పోతుంది? ఏదో గందరగోళం, దాని మీద ఎవరో రాసిన పుస్తకం. ఆ దారిలో ఎంత దూరం నడిచినా జవాబు దొరకదు. ఇప్పుడు వాక్యాన్ని పక్కన పెట్టి, మాటల్ని ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకోండి. పుస్తకం అనేది అర్థం. జవాబుకు మూడు గళ్ళు. మిగిలింది "గజిబిజి వలన". ఈ "వలన"ను రోజుకు నూరుసార్లు చదువుతాం, ఒక్కసారీ దాని మీద కన్ను ఆగదు. వ, ల, న. సరిగ్గా మూడు అక్షరాలు. గజిబిజి అంటే వాటిని కలగాపులగం చేయమని. నవల!

ఇది దొరికిన రోజు నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఈ ఆటలో నేర్చుకోవాల్సిందంతా ఈ ఒక్క ఆధారంలోనే ఉంది. ప్రతి మాటకూ ఒక పని ఉంటుంది. ఒకటి అర్థం చెబుతుంది, ఒకటి సరుకు అందిస్తుంది, ఇంకొకటి ఆ సరుకును ఏం చేయాలో చెబుతుంది. "పుట్టిన" లాంటివి వాటిని కలిపే ముడి. మీ జవాబు దగ్గర ఏ మాటైనా పని లేకుండా మిగిలిపోయిందంటే ఆ జవాబును అనుమానించండి. అర్థం చెప్పే మాట చాలావరకు ఆధారానికి మొదట్లోనో చివర్లోనో కూర్చుంటుంది. అందుకే నేను ముందు రెండు కొసలూ పట్టుకుని చూస్తాను.

ఇక గడి సంగతి. తెలుగులో ఒక గడికి ఒక అక్షరం. గుణింతం, ఒత్తు, సున్న అన్నీ దానితో పాటే వస్తాయి. "లక్ష్మి" రెండు గళ్ళే. "అనంతపురం" ఐదు. కొత్తవాళ్ళు తప్పటడుగు వేసేది ఇక్కడే, నేనూ వేశాను. మా పాప ఆరో తరగతిలో ఉన్నప్పుడు నేనే ఒక ఆధారం అల్లి ఇచ్చాను: "కలగాపులగమైన దసరా, భలే వినోదం (3)". జవాబు సరదా అనుకున్నాను. పాప ఒక్క నిమిషం చూసి, "నాయనా, దీర్ఘం యాడికి పోయింది?" అంది. నిజమే. దసరాలో ఉన్నవి ద, స, రా. సరదాకు కావాల్సినవి స, ర, దా. రాకు ఉన్న దీర్ఘం లేచి వెళ్ళి దకు అతుక్కోదు. కంటికి ఒకేలా కనబడుతుంది కానీ గడిలో పట్టదు. అప్పటి నుంచి అక్షరాలు కలిపే ఆధారం ఏది వచ్చినా ముందు గుణింతాలు సరిచూసుకుంటాను.

కలగాపులగం అని చెప్పడానికి గళ్ళు కూర్చేవాళ్ళు రకరకాల మాటలు వాడతారు: చెదిరిన, తారుమారైన, చిందరవందర, తడబడిన, కకావికలైన, చివరికి "తాగిన" కూడా. ఇలాంటి మాట కనిపించగానే దాని పక్కన మూడు నాలుగు అక్షరాల సరుకు ఉందేమో వెతకండి. దొరికితే ఆ అక్షరాలను వరుసగా రాయకుండా గుండ్రంగా రాయండి. నేను మందులు వేసిచ్చే చిన్న కాగితం కవరు వెనక రాస్తాను. "చెదిరిన మునగ కొండై నిలిచింది (3)" అని వచ్చిందనుకోండి. మునగ అని వరుసగా రాస్తే కంటికి మునక్కాయే కనబడుతుంది, కొండ కనబడదు. ము పైన, న కుడి పక్కన, గ ఎడమ పక్కన రాస్తే ఆ మాట కరిగిపోతుంది. అప్పుడు న దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరగండి: నగము. మూడక్షరాలైతే ఆరు రకాలుగానే పేర్చగలం, నోటితో అనేసుకోవచ్చు. నాలుగైతే ఇరవై నాలుగు, ఐదైతే నూట ఇరవై. అక్కడ గుండ్రంగా రాయడం తప్ప వేరే దారి నాకు దొరకలేదు.

మన అవధానాల్లో వ్యస్తాక్షరి అని ఒక అంశం ఉంది. ఒక వాక్యంలోని అక్షరాలను వరస తప్పించి, ఇన్నో అక్షరం ఇదీ అని మధ్యమధ్యలో అందిస్తుంటారు. అవధాని వాటిని మనసులోనే పేర్చుకుని చివర్లో వాక్యం అప్పజెప్పాలి. పక్కనున్న ప్రొద్దుటూరు దుర్భాక రాజశేఖర శతావధాని గారి ఊరు. అట్లాంటి గడ్డ మీద పుట్టి మూడక్షరాలకు భయపడతామా!

తిప్పి చదవమనే ఆధారాలు సులువు, కానీ తియ్యగా ఉంటాయి. "తల తిరిగిన తీగ (2)": తలను తిప్పితే లత. "పాట వెనక్కి వస్తే ఉత్తరాల మూట (2)": టపా. మన ఊరికే ఒకటుంది: "కడప నుంచి వెనక్కి తిరిగితే నడుం వాల్చే చోటు (3)". క, డ, ప వెనక నుంచి పడక. రాత్రి పూట తిరుపతి నుంచి బస్సులో వస్తూ ఈ ఆధారం తట్టినప్పుడు పక్క సీటాయనకు కూడా చెప్పేశాను. అడ్డం ఆధారాల్లో వెనక్కి, తిరిగి, ఎదురు లాంటి మాటలు వస్తాయి. నిలువులో అయితే తలకిందులు, పైకెగసి, కింది నుంచి అని ఉంటుంది. ఎటు చదివినా ఒకటే అయ్యే మాటలూ అడుగుతారు. తెనాలి రామకృష్ణుడి వికటకవి అందరికీ తెలుసు. "ఎటు నుంచి రుచి చూసినా చింతకాయే గుర్తొస్తుంది (3)" అంటే పులుపు.

దాచిపెట్టే ఆధారాలకు కన్ను కంటే చెవి మేలు. "చక్కెర విస్తట్లో దాక్కున్న సూర్యుడు (2)". పైకి చదవండి, రెండు మాటల మధ్య ఆగకుండా చదవండి. చక్కెరవిస్తట్లో. వినిపించిందా? రవి. మాటల మధ్య ఉండే ఖాళీయే ఇక్కడ తెర. లోపల, నడుమ, దాగిన, కడుపులో అనే మాటలు దీనికి గుర్తు. అంచులు, ఎల్లలు, కొసలు, మొదలూ తుదీ అంటే రెండు కొసల అక్షరాలు తీసుకోమని: "రాయలసీమ ఎల్లల్లో కొలువైన దేవుడు (2)", రా, మ. తల తెగిన, తోక లేని, చివర పోయిన అంటే ఒక అక్షరం తీసేయాలి. "పండుగ చివర పోయినా తినడానికి ఒకటుంది (2)" అంటే పండు. వీటికి ఇంతకంటే చెప్పాల్సింది లేదు, నాలుగు రోజులు చేస్తే చేతికి వచ్చేస్తాయి.

కాస్త ఆగాల్సింది అతికించే ఆధారాల దగ్గర. "జానకి చీరా పంజరంలో పిట్టా కలిసి పువ్వు మీద వాలాయి (7)". జానకి అంటే సీత, చీర అంటే కోక, పంజరంలో పిట్ట చిలుక. సీతాకోకచిలుక. ఆ మాటను పుట్టిన దగ్గర నుంచి అంటున్నాం, అందులో సీతమ్మ కోక ఉందని ఎన్నడైనా విన్నామా? ఇలా అతికించేటప్పుడు సంధి చూసుకోవాలి, లేకపోతే గళ్ళ లెక్క కుదరదు. "ఉదయం చేరిన ఊరు, బంగారం కొనొచ్చు (4)": ప్రొద్దుట, ఊరు కలిస్తే ప్రొద్దుటూరు. విడివిడిగా లెక్కపెడితే ఐదు, సంధి జరిగాక నాలుగు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనవి రెండర్థాలవి. వీటిలో కలపడం, తిప్పడం ఏమీ ఉండదు, ఒకే మాటను రెండు మూడు వైపుల నుంచి చూపిస్తారు. "12 అంగుళాలు, సిగ్గుపడకుండా ప్రశ్నించు (3)": అడుగు. "గాడిద పేరున్న ఏడాది (2)": ఖర. ఒక ఆదివారం పొద్దున "బావి దగ్గరా, పాలలోనూ, ప్రయాణంలోనూ కావాల్సింది (2)" అని వచ్చింది. ఇంట్లో కూర్చుని గంట సేపు తన్నుకున్నాను. బావి దగ్గర చేద, పాలలో చక్కెర, ప్రయాణంలో డబ్బు. ఏదీ మిగతా రెంటికీ కుదరదు. అంతలో పక్కింటామె చిన్న గిన్నె పట్టుకుని మా ఆవిడ దగ్గరికి వచ్చి, "వదినా, రోంత తోడుంటే ఇయ్యి, పాలు సల్లారిపోయినాయి" అంది. తోడు! పాలకు తోడు, ప్రయాణానికి తోడు, బావిలో నీళ్ళు తోడు. ఆమెకు గిన్నె నిండా పెట్టించి పంపాను. ఆ రోజు నుంచి ఆధారం అర్థం కాకపోతే ముందు అందులోని పని మాటల్ని ఇంట్లో, వీధిలో ఎట్లా అంటామో అనుకుని చూస్తాను.

మాటల బలం ఎట్లా పెంచుకోవాలని అడిగేవాళ్ళకు ఒక చిట్కా. నీటికి నాలుగు పేర్లు నేర్చుకోండి: జల, వారి, నీర, తోయ. దానికి "జం" చేరిస్తే నీటిలో పుట్టింది, తామర: జలజం, వారిజం, నీరజం, తోయజం. "దం" చేరిస్తే నీటినిచ్చేది, మేఘం: జలదం, వారిదం, నీరదం, తోయదం. "ధి" చేరిస్తే నీటికి నిలయం, సముద్రం: జలధి, వారిధి, నీరధి, తోయధి. నాలుగు నేర్చుకుంటే పన్నెండు వచ్చాయి. అరవై సంవత్సరాల పేర్లు, ఇరవై ఏడు నక్షత్రాలు కూడా నోటికి ఉంటే మంచిది, కూర్చేవాళ్ళు వాటిని వదలరు. సెలవు దొరికితే ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ దొర పేరు మీద ఉన్న గ్రంథాలయానికి వెళ్ళి నిఘంటువు తిరగేస్తాను. ఆయన 1852 నాటి నిఘంటువులో పుస్తకాల మాటలతో పాటు జనం నోటి మాటలూ ఉంటాయి.

ఆ నోటి మాటల గురించి కూడా చెప్పాలి. మన కడప వైపు చెనక్కాయలంటే కోస్తా వాళ్ళు వేరుశనగ అంటారు, మనం ఓళిగలంటే వాళ్ళు బొబ్బట్లంటారు. "దుకాణం (3)" అని ఆధారం ఇచ్చి అంగడి అడగవచ్చు. ఒక నోటుబుక్కులో ఎడమ వైపు మన మాట, కుడి వైపు వాళ్ళ మాట రాసుకోండి. మన మాట తక్కువదని చెరిపేయకండి, ఏదో ఒక రోజు అదే జవాబు అవుతుంది.

పేపరు ముందు పెట్టుకున్నాక నా వరస ఇది. ఆధారాలన్నీ ఒకసారి చదివేస్తాను, ఏమీ రాయను. తర్వాత ఖాయమనుకున్నవి పెన్సిల్‌తో నింపుతాను. బహువచనం అడిగితే చివరి గడిలో సన్నగా "లు" పెట్టుకుంటాను, మగవాడి పేరైతే "డు". గళ్ళు ఒకటి ఎక్కువైతే సున్న స్థానంలో "ము" పెట్టి చూడండి. నగం రెండు గళ్ళు, నగము మూడు. అడ్డం, నిలువు కలిసే గడిలో ఒక్క అక్షరం దొరికినా పెద్ద ఆసరా, గుణింతంతో సహా దొరుకుతుంది కదా.

డాక్టరు రాత చదివేటప్పుడు కూడా మేము ఇట్లాగే చేస్తాం: జబ్బేంటి, మోతాదెంత, పక్కన రాసిన మందులేంటి అని నాలుగు వైపుల నుంచీ సరిచూస్తాం. అనుమానం మిగిలితే ఫోన్ చేసి అడుగుతాం, ఊహించి మందివ్వం. గళ్ళలోనూ అనుమానమున్న జవాబును ఇంకుతో రాయను. ఒక తప్పు మాట నాలుగు మంచి మాటలకు అడ్డం పడుతుంది.

అస్సలు తెగకపోతే టెన్షన్ పడకుండా పేపరు మడిచి పెట్టేయండి. రాత్రి భోంచేశాక చూస్తే అదే ఆధారం వేరేగా కనబడుతుంది. ఫోన్‌లో వెతకొద్దు. మరుసటి రోజు జవాబులు వచ్చాక, రాని వాటి దగ్గర కూర్చుని ఏ మాట ఏ పని చేసిందో వెనక నుంచి విప్పుకోండి. నేను నేర్చుకున్నదంతా అట్లా నేర్చుకున్నదే.

మా పాప ఇప్పుడు ఇంటర్. నిన్న షాపుకు అన్నం క్యారియర్ తెచ్చి, మూత మీద చీటీ పెట్టి పోయింది: "ఒంటరి గుట్ట ఎక్కిన రాముడి ఊరు (4)". నేను పెరుగన్నం ముగిసేలోపు విప్పాను. మీకు రాకపోతే కడపలో రాజంపేట బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి, దారిలోనే వస్తుంది.