దుక్కి వాలుకు అడ్డంగా వేయించండి

ఫిరంగిపురం, మేడికొండూరు వైపు నల్లరేగడి మెరక పొలాలున్నవాళ్లకి ఒక మాట. తొలకరి ముందు దుక్కి చేయించేటప్పుడు సాళ్లు ఎటు పోవాలో ట్రాక్టర్ డ్రైవర్‌కి మీరే చెప్పండి. మలుపులు తగ్గుతాయని అతను పొలం పొడుగునే లాగేస్తాడు. ఆ పొడుగు వాలు వెంబడే ఉంటే ప్రతి సాలూ ఒక పిల్లకాలువే. గట్టి వాన పడితే పైమట్టి, దాన్ని అంటుకున్న డీఏపీ ఎరువు రెండూ వాగుపాలు. అడ్డంగా దున్నితే సాలు సాలుకీ నీళ్లు ఆగి ఇంకుతాయి. కాకపోతే మిరప వేసేవాళ్లు నీళ్లని పూర్తిగా కట్టేయకండి, వేళ్లు కుళ్లిపోతాయి. పల్లపు మూల ఒక మురుగు దారి వదిలి, అందులో గడ్డి పీకకుండా ఉంచండి. నీళ్లు పోతాయి, మట్టి ఆగుతుంది.

రోటవేటర్‌తో పిండి పిండి చేయించడం చూడ్డానికే బాగుంటుంది. చినుకులు పడగానే ఆ పిండి పైన అట్టకట్టి, వాన ఇంకక జారిపోతుంది. అనుమానముంటే గట్టు మీద గడ్డి కింద నుంచి ఒక ఎండు పెడ్డ, దున్నిన చోటు నుంచి ఇంకోటి తెచ్చి రెండు గ్లాసుల నీళ్లలో వేయండి. దున్నినది సాధారణంగా ముందే విచ్చిపోయి నీళ్లు బురదవుతాయి. గడ్డి కిందది చాలాసేపు నిలుస్తుంది. అలా తొందరగా విచ్చిపోయే మట్టే వానకు అట్టకట్టేది.

పత్తి కట్టె తగలబెట్టకండి, ముక్కలు చేయించి నేల మీదే పరచండి. వేసవిలో నేల ఖాళీగా ఉంటే గుంటూరులోని రైతు సాధికార సంస్థ (ప్రకృతి సేద్యం నేర్పే ప్రభుత్వ సంస్థ) చెప్పే నవధాన్యాలు, అంటే రకరకాల పంటల విత్తనాలు కలిపినవి, వానలకు ముందే పొడి దుక్కిలో చల్లొచ్చు. విత్తనానికి మట్టి, బూడిద పట్టించడం మాత్రం మానకండి, లేకపోతే చీమలకే సరిపోతాయి.