పిల్లలు ఆడే గేమ్‌లో డబ్బుకి, అకౌంట్‌కి, మైక్‌కి తాళం వేయడం ఎలా?

సెలవులొస్తే చాలు, పిల్లల చేతిలో ఫ్రీ ఫైర్ మ్యాక్స్ లేదంటే బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) గేమ్. మొదటిది సింగపూర్‌కి చెందిన గరీనాది, రెండోది దక్షిణ కొరియా కంపెనీ క్రాఫ్టన్‌ది. డౌన్‌లోడ్‌కి రెండూ ఉచితమే. కంపెనీలకి డబ్బులు గేమ్ లోపల అమ్మే డైమండ్స్ (ఫ్రీ ఫైర్‌లో వాడే నాణేల్లాంటివి), యూసీల (బీజీఎంఐలో అలాంటివే) మీద వస్తాయి. పైగా ఫ్రెండ్ రిక్వెస్టులు, గిల్డులు, క్లాన్లు (ఆటగాళ్ల గ్రూపులు), మైక్‌లో కబుర్లు అన్నీ అక్కడే కాబట్టి, పిల్లలకి అసలు సోషల్ మీడియా ఇదే. కోపంతో గేమ్ డిలీట్ చేస్తే ఫ్రెండ్ ఫోన్‌లో అదే అకౌంట్‌తో ఆడతారు. అందుకే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఏం మారుస్తున్నారో చెబుతూ సెట్టింగ్స్ మార్చండి. చాటుగా మారిస్తే చాటుగానే తీసేస్తారు.

1. ముందు డబ్బు సంగతి

ప్లే స్టోర్ తెరిచి పైన ప్రొఫైల్ ఫొటో నొక్కండి. సెట్టింగ్స్‌లో పర్చేజ్ వెరిఫికేషన్ అని ఉంటుంది (ఫోన్‌ని బట్టి పేరు కాస్త మారొచ్చు). ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. వేలిముద్రతో కొనేలా ఉండి, ఆ ఫోన్‌లో పిల్లల వేలిముద్ర కూడా ఉంటే మాత్రం ఈ తాళం ఉన్నా లేనట్టే.

తర్వాత పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి, సేవ్ అయి ఉన్న కార్డులు తీసేయండి. అక్కడే ఇదివరకు కొన్నవాటి చిట్టా కూడా కనిపిస్తుంది, ఒకసారి చూడండి. రీచార్జ్ చేసిపెట్టమని పిల్లలకి యూపీఐ పిన్ చెప్పి ఉంటే ఈ రోజే మార్చేయండి.

పుట్టినరోజుకి డైమండ్స్ కొనిస్తానని మాటిచ్చారా? గూగుల్ ప్లే గిఫ్ట్ కోడ్ ఇవ్వండి. అందులో ఉన్నంతే ఖర్చవుతుంది, మీ బ్యాంకు ఖాతా జోలికి రాదు.

2. అకౌంట్

గెస్ట్‌గా (ఏ అకౌంట్‌తోనూ లాగిన్ కాకుండా) ఆడుతుంటే ఫోన్ మారినప్పుడో, గేమ్ తీసేసినప్పుడో కష్టపడి సంపాదించినదంతా పోతుంది. గేమ్‌ని గూగుల్ అకౌంట్‌కి లింక్ చేసి, ఆ అకౌంట్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో తనిఖీ) పెట్టండి.

ఎక్కువమంది పిల్లలు అకౌంట్ పోగొట్టుకునేది ఒకే రకంగా. "ఫ్రీ డైమండ్స్ ఈవెంట్, ఈ రోజే లాస్ట్" అంటూ చాట్‌లో లింక్ వస్తుంది. నొక్కితే అచ్చం ఫేస్‌బుక్ లాగిన్‌లాంటి పేజీ. పాస్‌వర్డ్ కొట్టగానే అది అవతలివాడి చేతికి వెళ్లిపోతుంది. ఫ్రీ ఫైర్ అసలు రిడీమ్ కోడ్‌లు (బహుమతులిచ్చే కోడ్‌లు) పనిచేసేది గరీనా సొంత సైట్‌లోనే. చాట్‌లో వచ్చిన లింక్‌లో పాస్‌వర్డ్ కొట్టొద్దని గట్టిగా చెప్పండి.

3. మైక్, చాట్

బీజీఎంఐలో మ్యాచ్ నడుస్తుండగా స్క్రీన్ మీద స్పీకర్, మైక్ గుర్తులుంటాయి. వాటిని 'ఆల్' నుంచి 'టీమ్'కి మార్చండి. స్కూల్ పేరు, ఊరు, ఫోన్ నంబర్ మైక్‌లో చెప్పకూడదు. గేమ్‌లో కలిసినవాళ్లు ఇన్‌స్టా ఐడీయో టెలిగ్రామ్ నంబరో అడిగితే ముందు మీకు చెప్పాలి. తిట్టకుండా వింటారన్న నమ్మకం ఉంటేనే చెబుతారు.

4. టైమ్

చైనాలో 2021 నుంచి 18 ఏళ్లలోపు వాళ్లకి శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 దాకా మాత్రమే ఆన్‌లైన్ గేమ్స్. దక్షిణ కొరియా 2011లో 16 ఏళ్లలోపు వాళ్లకి అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా ఆటలు ఆపేసింది, పదేళ్ల తర్వాత ఆ చట్టాన్ని ఎత్తేసింది. మన దగ్గర బీజీఎంఐ మైనర్లకి రోజుకి 3 గంటలని హద్దు పెట్టింది. గేమ్‌లో వయసు తప్పు చెబితే అదీ పనిచేయదు. కాబట్టి గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్ వేసుకుని, గేమ్‌కి రోజుకి ఎంతసేపో, రాత్రి ఫోన్ ఎన్నింటికి లాక్ అవ్వాలో మీరే పెట్టండి.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. బీజీఎంఐలో ఎరాంగెల్ అనే మ్యాప్‌లో మ్యాచ్ అరగంట దాకా నడుస్తుంది. మధ్యలో ఫోన్ లాక్కుంటే స్క్వాడ్‌లో (నలుగురి టీమ్‌లో) మిగతా ముగ్గురి ముందు పిల్లల పరువు పోతుంది, మీతో గొడవ అక్కడే మొదలవుతుంది. టైమ్ అయ్యే అరగంట ముందే "ఇదే ఆఖరి మ్యాచ్" అని చెప్పండి.

5. డబ్బు పోయిందా?

పిల్లలు తెలియక కొంటే 48 గంటల్లోపు గూగుల్ ప్లేలో రిఫండ్ అడగండి. ఎవరైనా మోసం చేసి లాగేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి. చాట్, లింక్, ట్రాన్సాక్షన్ నంబర్ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి. కంప్లయింట్‌కి అవే ఆధారం.